మా సిస్టర్‌కి అండగా నిలబడిన అందరికీ కృతజ్ఞతలు

విజయవాడ సూర్యారావుపేటలో ఒక ప్రైవేటు ఆస్పత్రి స్టాఫ్ నర్సులందరి తరఫున ఈ పోస్టు పెడుతున్నాం. డిశ్చార్జి అయి వెళ్లిన ఒక పేషెంట్ మా తోటి సిస్టర్‌ని ఫోన్లో బెదిరించడం, డ్యూటీ దిగే వేళకి గేటు దగ్గర కాపు కాయడం ఈ చుట్టుపక్కల చాలామందికి తెలిసిన విషయమే. కేసు నడుస్తోంది కాబట్టి ఆయనెవరో, ఆమె ఎవరో ఇక్కడ రాయం. మీరూ ఎక్కడా రాయొద్దని మనవి. మాకు సాయం చేసినవాళ్ల పేర్లు కూడా పెట్టడం లేదు, వాళ్లలో కొందరు సాక్షులు. ఎవరు ఏం చేశారో మాత్రం వివరంగా రాస్తున్నాం. గుంటూరు కొత్తపేటలోనో, తెనాలిలోనో, బందరులోనో ఇంకో సిస్టర్‌కి రేపు ఇదే అవసరం పడొచ్చు.

మొట్టమొదట మా ఆస్పత్రి సూపరింటెండెంట్ గారికి నమస్కారాలు. ఫిర్యాదు మీద ఆయన సంతకం పెట్టారు. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ మొత్తం వ్యవహారంలో ఇదే కీలకం. నర్సు ఒక్కతే స్టేషన్‌కి వెళ్లి ఫిర్యాదు ఇస్తే ఎఫ్‌ఐఆర్‌లో ఫిర్యాదుదారు ఆమే అవుతుంది, తండ్రి లేదా భర్త పేరు, ఇంటి నంబరు, వీధి, ఫోన్ నంబరు అన్నీ అందులోకి ఎక్కుతాయి. 2016లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం ఎఫ్‌ఐఆర్‌ని మామూలుగా 24 గంటల్లో పోలీసు వెబ్‌సైట్లో పెట్టాలి, లైంగిక నేరాల్లాంటి సున్నితమైన కేసులకే మినహాయింపు. అంటే బెదిరించినవాడికి మనం దాచుకున్న అడ్రస్‌ని మన ఫిర్యాదే అందించే ప్రమాదం ఉంది. సంస్థ తరఫున ఫిర్యాదు వెళ్తే ఫిర్యాదుదారు సూపరింటెండెంట్, అడ్రస్ ఆస్పత్రిది. సిస్టర్ పేరు బాధితురాలిగా వస్తుంది, ఆమె చిరునామా దగ్గర 'కేరాఫ్ నర్సింగ్ ఆఫీస్' అని ఉంటుంది. సమన్లు కూడా అక్కడికే వస్తాయి.

2024 ఆగస్టులో కోల్‌కతా ఆస్పత్రిలో డ్యూటీలో ఉన్న డాక్టర్ హత్య జరిగాక, ఆ నెల 16న కేంద్ర ఆరోగ్య శాఖ ఒక ఆదేశం ఇచ్చింది. డ్యూటీలో ఉన్న సిబ్బంది మీద దాడి జరిగితే గరిష్ఠంగా 6 గంటల్లోపు సంస్థ తరఫున ఎఫ్‌ఐఆర్ పెట్టించే బాధ్యత సంస్థ అధిపతిదే అని దాని సారాంశం. మంగళగిరి ఎయిమ్స్ లాంటి కేంద్ర సంస్థల కోసం వచ్చిన ఆదేశం అది. ప్రైవేటు యాజమాన్యం తనంతట తాను ఆ పద్ధతి పాటించడం మాకు పెద్ద ధైర్యం.

ఫిర్యాదు రాసిపెట్టిన లాయర్ గారు ఫీజు తీసుకోలేదు. అంతకంటే విలువైనది ఆయన రాయించిన తీరు. ఫోన్ బెదిరింపులతో మొదలుపెట్టకుండా, ముందు వార్డులో జరిగినది రాయించారు: డ్రెస్సింగ్ చేస్తుంటే చెయ్యి పట్టుకుని 'బయట ఎలా తిరుగుతావో చూస్తా' అనడం, తేదీ, షిఫ్టు, బెడ్ నంబరు, అప్పుడు పక్కన ఎవరున్నారు అన్నది. ఎందుకంటే 2008 నాటి ఆంధ్రప్రదేశ్ వైద్య సేవా సిబ్బంది రక్షణ చట్టం, అంటే 11వ నంబరు చట్టం, ఆస్పత్రిలో విధుల్లో ఉన్నవాళ్లని బెదిరించడాన్ని, అడ్డుకోవడాన్ని కూడా హింసగానే చూస్తుంది. నర్సులు, నర్సింగ్ విద్యార్థినులు కూడా దాని కిందకి వస్తారు. 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల దాకా జరిమానా, నాన్‌బెయిలబుల్. కానీ అది ఆస్పత్రి లోపల జరిగినదానికే. ఇంటికి వచ్చే ఫోన్లకి, రోడ్డు మీద వెంటపడటానికి భారతీయ న్యాయ సంహితలో (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 78వ సెక్షన్, చంపుతానన్నందుకు 351వ సెక్షన్ ఉన్నాయి. రెండు భాగాలూ విడివిడిగా, జరిగిన వరసలో రాస్తేనే పోలీసులు రెండిటినీ చేర్చగలిగారు. సెక్షన్లు మనం వెయ్యనక్కర్లేదు, బెదిరించినవాడు అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు, బూతులతో సహా రాయాలి. 'అసభ్యంగా మాట్లాడాడు' అని ఊరుకుంటే ఆ వాక్యం ఎందుకూ పనికిరాదు.

ఆ 78వ సెక్షన్ గురించి లాయర్ గారు చెప్పిన ఒక మాట మాలో ఎవరికీ తెలియదు. స్త్రీ తనకి ఇష్టం లేదని స్పష్టంగా తెలియజేశాక కూడా పదే పదే సంప్రదించడానికి ప్రయత్నిస్తేనే అది ఆ సెక్షన్ కిందకి వస్తుంది. అందుకని ఒక్కసారి, ఒకే ఒక్క మెసేజ్ పంపాలి: 'నాకు ఫోన్ చేయవద్దు, మెసేజ్ పెట్టవద్దు, కలవడానికి రావద్దు.' అంతే. దండాలు, సారీలు, 'అన్నయ్యా' అని బతిమాలడాలు వద్దు. ఆ తర్వాత ఎన్ని వచ్చినా జవాబు ఇవ్వకూడదు. జవాబు ఇచ్చిన ప్రతిసారీ 'ఆవిడే మాట్లాడింది' అని చెప్పుకునే అవకాశం వాళ్లకి ఇచ్చినట్టే.

మా ఐటీ విభాగం తమ్ముడికి ప్రత్యేకంగా చెప్పాలి. చాలామంది భయంతో వెంటనే నంబరు బ్లాక్ చేసి, మెసేజ్‌లు డిలీట్ చేస్తారు. అతను ముందు ఆధారాలు తీయించాడు. స్క్రీన్‌షాట్ తీసేటప్పుడు ఆ నంబరు ఏదో పేరుతో సేవ్ అయి ఉంటే పైన ఆ పేరే కనిపిస్తుంది, నంబరు రాదు. కాబట్టి చాట్ పైన ఉన్న పేరు మీద నొక్కి, నంబరు కనిపించే పేజీని కూడా స్క్రీన్‌షాట్ తీయాలి. ఆ తర్వాత మొదటి మెసేజ్ నుంచి చివరిదాకా తేదీలు కనిపించేలా మెల్లగా జరుపుతూ స్క్రీన్ రికార్డింగ్ చేయాలి. ఫోన్ మార్చడం, రీసెట్ కొట్టడం చేయకూడదు, కోర్టుకి అసలు సాధనం ఆ ఫోనే. ఇవన్నీ అయ్యాక బ్లాక్ చేసుకోవచ్చు.

సీసీటీవీ సంగతి ఇంకా తొందరైనది. డీవీఆర్‌లో, అంటే కెమెరాల రికార్డింగ్ దాచే పెట్టెలో, హార్డ్ డిస్క్ నిండగానే పాతదాని మీద కొత్తది ఎక్కేస్తుంది. కెమెరాల సంఖ్యను బట్టి కొన్నిచోట్ల 15 రోజులకే చెరిగిపోతుంది. మా తమ్ముడు కబురు అందిన పూటే ఆర్‌ఎంఓ (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్) సంతకంతో లెటర్ తీసుకుని గేటు, లిఫ్టు, వార్డు వరండా కెమెరాల ఫుటేజీని వేరే డిస్క్‌లోకి ఎక్కించి, హ్యాష్ విలువ (ఫైలుని తర్వాత ఎవరూ మార్చలేదని చూపే కోడ్) తీసి రాసిపెట్టాడు. భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్‌లో రెండు భాగాలుంటాయి, మొదటిది ఆధారం ఇచ్చేవాళ్లు, రెండోది నిపుణుడు నింపాలి, హ్యాష్ విలువ అందులో రాయాలి. ఇది లేకపోతే మంచి ఫుటేజీ కూడా కోర్టులో నిలబడదు. డీవీఆర్ గడియారం అసలు టైమ్ కంటే ఎన్ని నిమిషాలు తేడాగా నడుస్తోందో కూడా లెటర్‌లో రాశాడు. ఎవరూ అడగని పని అది. ఆ తేడా రాయకపోతే ఫుటేజీలో టైమ్‌కీ డ్యూటీ రిజిస్టర్‌లో టైమ్‌కీ పొంతన ఉండదు.

స్టేషన్‌లో మహిళా ఎస్సై గారికి చేతులెత్తి నమస్కరిస్తున్నాం. ఇలాంటి నేరాల్లో బాధితురాలు చెప్పేది మహిళా అధికారే నమోదు చేయాలని చట్టంలో ఉంది. సాక్షిగా స్త్రీని విచారించాలంటే ఆమె ఉండే చోటికే రావాలి తప్ప స్టేషన్‌కి పిలవకూడదని కూడా ఉంది. ఆవిడ ఇంకో అడుగు ముందుకేసి ఆలోచించారు. పోలీసు జీపు హాస్టల్ ముందు ఆగితే ఆ వీధి అందరికీ తెలిసిపోతుందని, సిస్టర్ ఒప్పుకున్నాక నర్సింగ్ ఆఫీసుకి మఫ్టీలో వచ్చి స్టేట్‌మెంట్ రాసుకున్నారు. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా చేతికిచ్చారు. ముందు ముందు బెదిరింపు పెరిగితే సాక్షుల రక్షణ పథకం కింద జిల్లా జడ్జి గారి కమిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చని, డీఎస్పీ లేదా ఏసీపీ స్థాయి అధికారి ముప్పు ఎంతో తేల్చి నివేదిక ఇస్తారని కూడా ఆవిడే చెప్పారు.

ఇక మా వార్డుల్లో వచ్చిన మార్పులు. వీటికి మా నర్సింగ్ సూపరింటెండెంట్ అమ్మగారే కారణం. నర్సు నంబరు బయటికి పోయే దారులన్నీ ఆవిడ ఒక్కొక్కటీ వెతికి మూశారు. నోటీసు బోర్డు మీద డ్యూటీ రోస్టర్‌లో పేర్ల పక్కన ఉండే ఫోన్ నంబర్లు తీసేశారు, రోస్టర్‌నే లోపలి గదికి మార్చారు. బ్లడ్ బ్యాంక్ ఫారం, ల్యాబ్ రిక్వెస్ట్ ఫారంలో 'కాంటాక్ట్' అన్న చోట సిస్టర్లు అలవాటుగా సొంత సెల్ నంబరు రాస్తుంటారు. ఆ కాగితం పట్టుకుని తిరిగేది పేషెంట్ అటెండెంటే. ఇప్పుడు అక్కడ వార్డు ఎక్స్‌టెన్షన్ (ఆస్పత్రి లోపలి ఫోన్ నంబరు) మాత్రమే రాస్తాం. రిపోర్టులు వాట్సాప్‌లో తెప్పించుకోవడానికి వార్డుకి ఒక ఫోన్ కొనిచ్చారు. ఐడీ కార్డు మీద ఇంటిపేరుతో కూడిన పూర్తి పేరు పోయి, పిలిచే పేరు, హోదా, ఎంప్లాయీ నంబరు మిగిలాయి. తమకి సేవ చేసేదెవరో తెలుసుకునే హక్కు పేషెంట్లకి ఉంది, దాన్ని కాదనలేం. ఫిర్యాదు చేయాలంటే ఆ నంబరు చాలు. మెడలో ట్యాగు కూడా గట్టిగా లాగితే ఊడిపోయే క్లిప్పు రకానికి మార్చారు.

యూపీఐ సంగతి ఎవరూ పట్టించుకోరు. మందుల షాపులో చిల్లర లేదని అటెండెంట్ సిస్టర్‌కి పాతిక రూపాయలు ఫోన్‌పే చేస్తే బ్యాంకులో ఉన్న పూర్తి పేరు అతనికి కనిపిస్తుంది. యూపీఐ ఐడీలో మొబైల్ నంబరే ఉంటే అదీ తెలిసిపోతుంది. నంబరు లేని ఐడీ పెట్టుకోండి, అసలు పేషెంట్లతో డబ్బు లావాదేవీ పెట్టుకోకండి. వాట్సాప్‌లో ఫొటో, స్టేటస్, లాస్ట్ సీన్ కాంటాక్ట్స్‌కే కనిపించేలా మార్చుకోవడానికి రెండు నిమిషాలు పట్టదు.

రిసెప్షన్ అమ్మాయిలకీ, టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో కూర్చునే పెద్దాయనకీ మేం రుణపడి ఉన్నాం. 'ఫలానా సిస్టర్ ఈరోజు ఏ డ్యూటీ అండీ, మా అమ్మకి ఆవిడే సూది బాగా వేస్తుంది' అని ఫోన్ వస్తుంది. వినడానికి ఎంత మంచి మాట! ఇదివరకు 'ఎనిమిదింటికి దిగిపోతారండీ' అని చెప్పేసేవాళ్లు. ఇప్పుడు ఎవరడిగినా ఒకటే జవాబు: 'మీ పేరు, నంబరు చెప్పండి, మేం అందజేస్తాం.' ఉందనీ చెప్పరు, లేదనీ చెప్పరు. హాస్టల్ వార్డెన్ ఆంటీ కూడా ఇదే పాటిస్తున్నారు. కొరియర్ అంటూ వచ్చినవాళ్లని గేటు దాటనివ్వడం లేదు.

ఆ పేషెంట్ డ్రెస్సింగ్‌కి మళ్లీ రావాల్సి ఉంది. వైద్యం నిరాకరించడం మా ఉద్దేశం కాదు. ప్రాణం మీదకి వచ్చినప్పుడు ఎవరినైనా చూడాల్సిందేనని 1989లోనే సుప్రీంకోర్టు చెప్పింది. సర్జన్ గారు ఆయన ఓపీని ఉదయం వేళకి, వేరే ఫ్లోర్‌కి మార్చి, ఇద్దరు మేల్ నర్సులకి అప్పగించారు. ఆయన యూహెచ్ఐడీ (ఆస్పత్రి పేషెంట్‌కి ఇచ్చే గుర్తింపు నంబరు) కొడితే కంప్యూటర్‌లో ఒక హెచ్చరిక వస్తుంది. అందులో 'రౌడీ', 'పిచ్చోడు' లాంటి మాటలుండవు. 'సిబ్బందిని బెదిరించారు, ఇద్దరు లేకుండా దగ్గరికి వెళ్లవద్దు, సెక్యూరిటీకి తెలపండి' అని ఉంటుంది, ఎప్పుడు సమీక్షించాలో తేదీ ఉంటుంది. ఇంకో సంగతి కూడా సర్జన్ గారు అందరికీ గుర్తుచేశారు. షుగర్ పడిపోయినా, ఆక్సిజన్ తగ్గినా, తలకి దెబ్బ తగిలినా, తాగుడు మానేసిన రెండు మూడు రోజులకి వచ్చే మతిభ్రమణలోనైనా పేషెంట్ తిట్టొచ్చు, కొట్టొచ్చు. ముందు జీఆర్‌బీఎస్ (రక్తంలో షుగర్), శాచురేషన్ (ఆక్సిజన్ శాతం) చూడాలి. అలాంటి మనిషికి అందాల్సింది వైద్యం. తెలివిలో ఉండి, నంబరు సంపాదించి, టైమ్ చూసుకుని వచ్చేవాడి వ్యవహారం వేరు. రెండిటినీ ఒకే గాటన కడితే రెండు వైపులా అన్యాయం జరుగుతుంది.

సెక్యూరిటీ సూపర్‌వైజర్ గారు పానిక్ బటన్‌ని గోడ మీద నుంచి తీయించి నర్సింగ్ స్టేషన్ బల్ల కింద, మోకాలు తగిలే ఎత్తులో పెట్టించారు. గోడ దాకా వెళ్లాలంటే ఎదుటి మనిషిని దాటుకుని పోవాలి కదా. నొక్కితే కింద సెక్యూరిటీ దగ్గరే కాకుండా పక్క వార్డులోనూ మోగుతుంది. రాత్రి పూట గార్డు మెట్లెక్కి వచ్చేలోపు పక్క వార్డువాళ్లే ముందు చేరుకుంటారు. ప్రతి సోమవారం నొక్కి చూస్తున్నారు. డ్రెస్సింగ్ రూములో బల్ల తిప్పించి, సిస్టర్ ఎప్పుడూ తలుపు వైపు ఉండేలా చేశారు. కత్తెర, ఫోర్సెప్స్ ఉన్న ట్రే పేషెంట్ చేతికి అందని పక్కకి మారింది.

రాత్రి 8 గంటలకి డ్యూటీ దిగే సిస్టర్లని ఏలూరు రోడ్డు దాకా దిగబెడుతున్న ఆటో స్టాండు అన్నయ్యలకి, బాబాయిలకి ఏం చెప్పినా తక్కువే. వెనక గేటు నుంచి, ముగ్గురేసి ఎక్కించుకుని, ఏ రోజు ఏ దారిలో వెళ్లేదీ వాళ్లే మార్చుకుంటున్నారు.

యాజమాన్యానికి ఇంకొక్కదానికి ధన్యవాదాలు చెప్పి ముగిస్తాం. భద్రత పేరు చెప్పి సిస్టర్‌ని ఇంకో బ్రాంచికి పంపేయలేదు. చాలాచోట్ల ఇదే జరుగుతుంది: బెదిరించినవాడు హాయిగా ఓపీకి వస్తుంటాడు, నర్సు మాత్రం హాస్టల్, నైట్ అలవెన్సు, తోటివాళ్లు అన్నీ వదులుకుని వెళ్లిపోవాలి. ఇక్కడ ఆమెని అడిగారు. ఆమె తన వార్డులోనే ఉంటానంది. కొన్నాళ్లు నైట్ డ్యూటీలు వద్దంది. ఆ అలవెన్సు కోయకుండానే జీతం ఇచ్చారు. స్టేట్‌మెంట్ ఇచ్చిన రోజు సెలవు పెట్టుకోమనకుండా ఆన్ డ్యూటీగా రాశారు.

ఫిర్యాదు నమూనా, ఫుటేజీ భద్రపరచమని అడిగే లెటర్ నమూనా, కేస్ షీట్‌లో వేసే హెచ్చరిక వాక్యం మా నర్సింగ్ ఆఫీసులో పేర్లు తీసేసి ఉంచాం. విజయవాడ, గుంటూరు ఆస్పత్రుల సిస్టర్లు మీ హెడ్ నర్స్ ద్వారా అడిగి తీసుకోండి. అర్ధరాత్రి ఏదైనా జరిగితే వాటి కోసం ఆగొద్దు, ముందు 112కి కొట్టండి.