వార్షిక నివేదిక: బట్టపై డిజైన్ దించడం, గుర్తులు తీయడం

గౌరవనీయులైన సభ్యులకు,

నల్లగొండలో కుట్టుపని, మగ్గం వర్క్ చేసుకునే మన సంఘం ఈ ఏడాది చేపట్టిన పనుల వివరాలను కార్యవర్గం తరఫున మీ ముందుంచుతున్నాం. సభ్యత్వ రుసుము, పొదుపు, అప్పుల లెక్కలు విడిగా జతచేసిన పత్రంలో ఉన్నాయి. వాటిపై సర్వసభ్య సమావేశంలో ఎలాగూ చర్చ జరుగుతుంది కనుక ఇక్కడ మళ్ళీ రాయడం లేదు. బతుకమ్మకూ పెళ్ళిళ్ళ సీజనుకూ కుట్టి ఇచ్చిన బ్లౌజులు తిరిగి వచ్చిన సందర్భాలను పరిశీలిస్తే, కుట్టు బాగాలేదన్న మాట కన్నా డిజైన్ గీత కనిపిస్తోందన్న మాటే ఎక్కువగా వినిపించింది. అందుకే నెలవారీ సమావేశాలను ఈసారి ప్రధానంగా ఈ ఒక్క అంశం మీదనే నడిపాం.

మనలో చాలామంది ఇప్పటికీ పాత పద్ధతినే వాడుతున్నారు. ట్రేసింగ్ పేపర్ మీద డిజైన్ గీసి, గీత వెంట సూదితో దగ్గర దగ్గరగా చిల్లులు పొడిచి, ముదురు రంగు బట్టకైతే జింక్ పొడిని, లేత రంగు బట్టకైతే నీలిమందును కిరోసిన్‌లో కలిపి, గుడ్డ ఉండతో కాగితంపై రుద్దుతాం. ఒకసారి పొడిచిన కాగితం ఎన్నో బ్లౌజులకు పనికొస్తుంది. రెండు చేతుల మీదా ఒకే డిజైన్ తేడా లేకుండా దిగుతుంది. దీనిని మించిన పద్ధతి మాకు కనిపించలేదు. చిక్కంతా కలపడంలోనే ఉంది. కిరోసిన్ ఎక్కువైతే అది చిల్లుల కిందినుంచి పాకి, చుక్కగా ఉండాల్సింది మరకగా మారుతుంది కాబట్టి, ఉండను గట్టిగా పిండి, ఇంచుమించు పొడిగా ఉన్నప్పుడే రుద్దాలని శిక్షణలో పదేపదే చెప్పాం. కిరోసిన్ ఆరిపోయాక బట్ట మీద మిగిలేది పొడి మాత్రమే కనుక, మెత్తని బ్రష్‌తో దులిపితే చాలావరకు రాలిపోతుంది. పట్టు మీద మాత్రం తడిగుడ్డ పెట్టవద్దు. గీత పోయినా దాని చోట నీటి మచ్చ మిగులుతుంది.

కిరోసిన్ సులువుగా దొరకడం లేదని కొందరు సభ్యులు పెట్రోలుతో గుర్తులు తుడుస్తున్నట్టు కార్యవర్గం దృష్టికి వచ్చింది. పెట్రోలు మామూలు గది వేడికే కాదు, గడ్డకట్టే చలిలో కూడా అంటుకునేంత ఆవిరి వదులుతుంది. ఎండాకాలంలో రేకుల కింద, పక్కనే ఇస్త్రీపెట్టె పెట్టుకుని ఆ పని చేయడం ప్రాణాలతో చెలగాటం. సంఘం గదిలో పెట్రోలు వాడరాదని తీర్మానించాం. ఇళ్ళల్లో కూడా మానుకోవాలని కోరుతున్నాం.

బజారులో దొరికే పెన్నుల గురించి వాదోపవాదాలు బాగా జరిగాయి. నీళ్ళకు పోయే నీలం పెన్ను నూలు బట్టకు మంచిదే కానీ, గీత పోకముందే ఇస్త్రీ తగిలితే అది బట్టలో పాతుకుపోతుంది. సబ్బు ముందు తగిలినా గోధుమ రంగు మరకగా మిగిలిపోవచ్చు. వేలితో నాలుగు చుక్కల నీళ్ళు చల్లి వదిలేస్తే రంగు ఆ తడి అంచుకు జరిగి ఆరాక మళ్ళీ కనిపిస్తుంది కాబట్టి, బట్ట మొత్తాన్ని సబ్బు లేని చల్లని నీటిలో ముంచాలి. ఇందుకు బోరు నీళ్ళు వద్దని, నల్లా నీళ్ళు పట్టి ఉంచుకోవాలని నిర్ణయించాం. మన జిల్లా నీటిలో ఫ్లోరైడ్ సంగతి దేశమంతా ఎరుగును. సబ్బు నురగ రాని దాని కఠినత్వమూ, ఉతికిన నల్ల బట్టపై అది వదిలే తెల్లటి పొరా మనకే బాగా తెలుసు. గాలికి పోయే ఊదా పెన్ను ఒకటి రెండు రోజుల్లో మాయమవుతుంది, వానాకాలం తేమకు ఇంకా ముందే పోతుంది. వారం రోజులు పట్టే మగ్గం పనికి అది దండగ.

వేడికి పోయే పెన్ను మీద యువ సభ్యులకు మోజు ఎక్కువ. సుమారు 60 డిగ్రీల వేడికి దాని గీత కనిపించకుండా పోతుందన్నది నిజమే, కానీ సిరా బట్టలోనే ఉంటుంది. సున్నాకు 10, 20 డిగ్రీల దిగువ చలి తగిలితే తిరిగి తేలుతుంది. మనవాళ్ళు అమెరికాలోని ఆడబిడ్డలకు పంపే బ్లౌజులకు అక్కడి చలికాలంలో ఇది జరగదన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. పైగా పని పూర్తయ్యాక ఇస్త్రీ పెడితే ప్లాస్టిక్ చమ్కీలు ముడుచుకుంటాయి, గమ్‌తో అంటించిన కుందన్లు ఊడతాయి. టైపు కార్బన్, బాల్ పెన్ను, తెల్ల జెల్ పెన్ను అసలు వాడకూడదు.

బట్టను బట్టి తీసుకోవాల్సిన జాగ్రత్తలను గద్వాల, పోచంపల్లి చీరలతో ప్రత్యేకంగా చూశాం. గద్వాల చీరలో ఒడలు నూలు, అంచు పట్టు. నూలుకు పనికొచ్చిన నీలం పెన్ను అంచుకు పనికిరాదు. పోచంపల్లి ఇక్కత్‌లో రంగులు పక్కపక్కనే ఉండడంతో తెలుపూ నీలమూ రెండూ ఎక్కడో ఒకచోట కలిసిపోతాయి. అలాంటి బట్టకు పలుచని కాగితం మీద డిజైన్ గీసి, దానిని బట్టపై పెట్టి, గీత వెంట కచ్చా కుట్టు వేసి, కాగితం చింపేయడం మేలు. పొడి దులిపినా నూగులో ఇరుక్కునే వెల్వెట్‌కు కూడా ఇదే దారి.

ఏ గుర్తు వేసినా, అది ఎలా పోతుందో అదే బట్ట ముక్క మీద ముందుగా చూసుకున్నాకే పని మొదలుపెట్టాలన్నది కార్యవర్గం అభిప్రాయం. బ్లౌజు పీస్ కత్తిరించాక మిగిలే ముక్కను పారేయకుండా, దానిపై గీసి, తుడిచి, ఇస్త్రీ పెట్టి, గిరాకీ పేరుతో పాటు కవరులో ఉంచాలి. ఈ ఏడాది సమావేశాల్లో పరీక్షించిన ముక్కలను ఒక పుస్తకంలో అతికించి, పక్కన వాడిన గుర్తు, తీసిన పద్ధతి రాసి సంఘం గదిలో పెట్టాం. దానిని ఇంటికి తీసుకెళ్ళేవారు రిజిస్టరులో సంతకం చేసి, వారంలోగా తిరిగి ఇవ్వాలి. తడి చేతులతో ముట్టవద్దని మనవి.