గోడ మీద యురేనియం ఏది?

సంపాదకులకు నమస్కారం.

కడపలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల ప్రహరీ గోడ మీద మూలకాల ఆవర్తన పట్టిక వేయించారని పోయిన వారం మీ జిల్లా పేజీలో ఫొటోతో సహా రాశారు. పరమాణు భారాల క్రమంలో చక్కగా అమర్చారని మెచ్చుకున్నారు కూడా. ఉద్యోగమంతా పిల్లలకు రసాయన శాస్త్రం చెప్పినవాణ్ణి, సంతోషంగా చూడ్డానికి వెళ్లాను. చూశాక ఊరుకోవడం నా వల్ల కాలేదు.

పట్టిక పైన ‘పరమాణు భారాల ఆరోహణ క్రమం’ అని రాయించారు. కింద గళ్లలో చూస్తే 52వది టెల్లూరియం, భారం 127.6. పక్కనే 53వది అయోడిన్, భారం 126.9. ఆరోహణ క్రమమైతే అంకె తగ్గిందేమిటని ఏ పిల్లవాడైనా అడిగితే ఎవరు జవాబు చెప్పాలి? 1869లో రష్యా శాస్త్రవేత్త మెండలీవ్ భారాలను బట్టే పట్టిక కట్టిన మాట నిజమే. కానీ ఆయన కూడా గుణాలు చూసి టెల్లూరియాన్ని ముందు, అయోడిన్‌ను క్లోరిన్, బ్రోమిన్‌ల వరుసలో పెట్టాడు. అసలు కారణం 1913లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త మోస్లే ఎక్స్‌కిరణాలతో తేల్చాడు. క్రమాన్ని నిర్ణయించేది భారం కాదు, పరమాణు సంఖ్య, అంటే కేంద్రకంలో ఉండే ప్రోటాన్ల లెక్క. భారమే లెక్క అయితే పొటాషియం (39.1) ఆర్గాన్ (39.95) కంటే ముందు రావాలి. అప్పుడు నీళ్లలో వేస్తే భగ్గుమనే పొటాషియం వెళ్లి నియాన్ కింద, జడవాయువుల్లో కూర్చుంటుంది! మోస్లే ఆ తర్వాత రెండేళ్లకే, 27 ఏళ్ల వయసులో మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయాడు. వందేళ్లు దాటినా ఆయన చెప్పింది మన గోడల మీదికి ఎక్కలేదు.

తప్పులు అక్కడితో ఆగలేదు. కోబాల్ట్ గుర్తులో రెండు అక్షరాలూ పెద్దవే రాశారు. అలా రాస్తే అది కోబాల్ట్ కాదు, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు. 113, 115, 117, 118 గళ్లలో పాత తాత్కాలిక పేర్లే ఉన్నాయి. వాటికి నిహోనియం, మాస్కోవియం, టెన్నెసిన్, ఒగానెసాన్ అని 2016లోనే పేర్లు ఖాయమయ్యాయి. ఏ పాత చార్టు చూసి దించారో!

అన్నిటికంటే బాధ కలిగించింది కింది రెండు వరుసలు. లాంథనైడ్లు, ఆక్టినైడ్లు అసలు లేవు. 57 దగ్గర, 89 దగ్గర చుక్క గుర్తు పెట్టి వదిలేశారు. మొత్తం 28 మూలకాలు మాయం. ఆ జాగాలో ప్రారంభించిన నాయకుల పేర్లు, అధికారుల పేర్లు, హోదాలతో సహా ఎర్ర రంగులో ఉన్నాయి. పోయినవాటిలో 92వది యురేనియం. మన జిల్లాలోనే వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం తవ్వుతున్నారు. ఆ గని గురించీ, చుట్టుపక్కల ఊళ్ల నీళ్ల గురించీ పేపర్లలో చదువుతూనే ఉన్నాం. ఆ మూలకం పట్టికలో ఎక్కడ ఉంటుందో మన పిల్లలకే చూపించకపోతే ఎలా?

గోడే కదా అని తీసిపారేయకండి. ఆవర్తన పట్టిక పాఠాన్ని ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకం నుంచి తీసేసింది. మన రాష్ట్రంలోనూ ఇప్పుడు పదికి ఆ పుస్తకాలే. ఇంటర్‌లో ఎంపీసీ, బైపీసీ తీసుకున్నవాళ్లకు మళ్లీ వస్తుంది. సీఈసీలో చేరిన పిల్లకు, పది తర్వాత చదువు మానేసిన పిల్లవాడికి ఈ గోడే దిక్కు.

రంగులేసిన పెయింటర్‌ను తప్పుపట్టను, ఇచ్చిన కాగితం చూసి వేశాడు. ఆ కాగితాన్ని ఒక్క సైన్సు టీచరుకైనా చూపించారా? రిబ్బన్ కటింగుకు పిలవడానికి గుర్తొచ్చిన అధికారులకు టీచర్లు గుర్తుకు రాలేదా? ల్యాబుల సంగతీ అంతే. చాలా స్కూళ్లలో యాసిడ్ సీసాలు అల్మారాలో తాళం వేసి ఉంటాయి. పరీక్షనాళిక పట్టుకోకుండానే పది పాసై వెళ్తున్న పిల్లలున్నారు. తనిఖీకి వచ్చేవాళ్లు రిజిస్టర్లు చూస్తారు, ల్యాబు తలుపు తీయించరు.

బడులు తెరిచేలోపు పైన ఉన్న శీర్షికను ‘పరమాణు సంఖ్యల ఆరోహణ క్రమం’ అని మార్చాలి. పేర్లున్న జాగాను తెల్ల రంగుతో చెరిపి ఆ 28 గళ్లు వేయించాలి. వీలైతే బేరియం గడిలో ఆ మూలకం దొరికే మంగంపేట ముగ్గురాయి అనీ, యురేనియం గడిలో తుమ్మలపల్లె అనీ ఒక మాట రాయించండి, పిల్లలు ఆగి చదువుతారు. మీ పత్రిక కూడా ఆ వార్తకు సవరణ వేయాలి, అదీ ఎక్కడో మూలన కాకుండా ఫొటో వేసిన పేజీలోనే.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కడప