జేబు పెన్ను అని అమ్మి, జేబులో పెట్టొద్దంటే ఎలా?

చెన్నై, అశోక్ నగర్
10 జూన్ 2025

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: మీ వెబ్‌సైట్‌లో కొన్న పాకెట్ ఫౌంటెన్ పెన్నులో తయారీ లోపాలు – పూర్తి సొమ్ము వాపసు కోరుతూ.

అయ్యా / అమ్మా,

ఏప్రిల్‌లో మీ వెబ్‌సైట్ నుంచి నల్లరంగు పాకెట్ ఫౌంటెన్ పెన్ను, ఫైన్ నిబ్‌ది, 1,850 రూపాయలు పెట్టి తెప్పించుకున్నాను. మీ ప్రకటన తెలుగులోనే వచ్చింది కాబట్టి నేనూ తెలుగులోనే రాస్తున్నాను. అందులో ఒక కుర్రాడు బైకు దిగి, ప్యాంటు జేబులోంచి ఈ పెన్ను తీసి సంతకం పెడతాడు. “ఏ జేబులోనైనా సరే” అని కింద అక్షరాలు పడతాయి. ఆ మాట చూసే కొన్నాను. ఇప్పుడు మీ కస్టమర్ కేర్ వాళ్ళు ఈమెయిల్‌లో చెబుతున్నదేమిటంటే, ఈ పెన్నును ఒంటికి దగ్గరగా, వేడి తగిలే చోట పెట్టకూడదట. చెన్నైలో మే నెలలో ఒంటికి దూరంగా, వేడి తగలకుండా ఉండే జేబు ఎవరి చొక్కాకు ఉంటుందో మీరే చెప్పాలి.

నేను మోటారు ఇన్సూరెన్స్ సర్వేయర్‌ని. గుద్దుకున్న బండ్లను చూసి నష్టం అంచనా కట్టడం నా పని. పొద్దున పాడిలో ఒక షెడ్డు, మధ్యాహ్నం పుదుపేటలో ఇంకోటి, సాయంత్రం జనరల్ ప్యాటర్స్ రోడ్డులో విడిభాగాల ధరలు కనుక్కోవడం, ఇలా రోజంతా నిలబడే రాయాలి. బాల్ పెన్ను నొక్కి రాయాలి కదా, నా బొటనవేలి కీలుకు అది పడదు. ఇంకు పెన్నుకు ఆ బాధ లేదు, కాగితానికి తగిలిస్తే చాలు. అయితే మామూలు పొడుగు పెన్నుతో ఒక చిక్కుంది. బానెట్ ఎత్తి వంగినప్పుడల్లా జేబులోంచి జారి ఇంజను సందుల్లో పడుతుంది. అందుకే నాకు పొట్టి పెన్ను కావాలి. మూసినప్పుడు జేబులో పూర్తిగా మునిగిపోవాలి, రాసేటప్పుడు క్యాప్ వెనక తగిలిస్తే చేతికి సరిపడా పొడవు రావాలి.

ఇదేమీ మీరు కొత్తగా కనిపెట్టిన వస్తువు కాదు. జర్మనీ కంపెనీ కవెకో వాళ్ళ స్పోర్ట్ పెన్ను 1930ల నాటి డిజైన్. మూస్తే పదిన్నర సెంటీమీటర్లు, క్యాప్ వెనక పెడితే సుమారు పదమూడు. 1960ల చివర, 70లలో జపాన్‌లో పైలట్, సెయిలర్, ప్లాటినం కంపెనీలు ముగ్గురూ పొడుగు క్యాప్, పొట్టి ఒళ్ళు ఉన్న పెన్నులు పోటీపడి చేశారు. అవన్నీ చొక్కా జేబుల కోసమే. నా దగ్గరా ఒక కవెకో ఉండేది, మా అమ్మాయి కాలేజీకి పట్టుకుపోయి ఇక తిరిగివ్వలేదు. దాని బదులు మీ పెన్ను కొన్నాను. ఈ వివరం ఎందుకు చెబుతున్నానంటే, ఫౌంటెన్ పెన్ను వాడటం రాని మనిషిననుకుని మీ వాళ్ళు నాకు వీడియో లింకులు పంపుతున్నారు.

ఇక పెన్ను సంగతి. దీనిది అతివృష్టి, లేదా అనావృష్టి. క్యాప్ బిగించి రాత్రి బల్ల మీద పెడితే తెల్లారేసరికి నిబ్ ఎండిపోయి ఉంటుంది. జేబులో వేసుకుని రెండు షెడ్లు తిరిగి క్యాప్ తీస్తే లోపలంతా ఇంకే.

ముందు ఎండిపోవడం గురించి. బండి ఛాసిస్ నంబరులో చివరి అంకెలు నోట్‌బుక్‌లో రాసుకుంటాను. ఒకరోజు అందులో మొదటి అంకె 8. క్యాప్ తీసి రాయడం మొదలుపెడితే పై వంపు పడనే లేదు. ఇంకు దిగింది కింది సున్నా దగ్గరకొచ్చాక, ఆపైన తోకకు. చూస్తే అచ్చం 6. బండి దగ్గర ఉన్నప్పుడు అది నాకు తెలియలేదు. ఇంటికొచ్చి రిపోర్టు టైపు చేస్తూ ఆర్‌సీ ఫొటోతో సరిచూస్తే బయటపడింది. చూడకుండా పంపి ఉంటే వేరే బండి పేరున క్లెయిమ్ వెళ్ళేది, నా లైసెన్సు మీదకు వచ్చేది. పెన్నుకు ఎంత పెట్టామన్నది పక్కన పెట్టండి, మాకు ఒక అంకె విలువ ఎంతో మీకు తెలియాలి.

ఎందుకు ఎండుతోందో కనుక్కోవడానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. క్యాప్‌ను సబ్బునీళ్ళతో శుభ్రంగా కడిగి, మూతిని పెదాలకు ఆనించి గాలి లోపలికి పీలిస్తే, గాలి చొరని క్యాప్ అయితే పెదవికి అతుక్కుని నిలబడుతుంది. కవెకో క్యాప్ అలా నిలబడింది. మీది పీల్చినంత సేపూ గాలి ఇస్తూనే ఉంది. ఎక్కణ్ణుంచి వస్తోందా అని చూస్తే, క్లిప్పు దూర్చడానికి క్యాప్ గోడకు కోసిన సన్నటి గాడి కనిపించింది. అది లోపలి దాకా తెగి ఉంది. టార్చి వెలుగు లోపల వేస్తే క్లిప్పు పక్కన వెలుతురు గీతలా బయటికొస్తోంది, ఫొటో జతచేశాను. క్యాప్‌కు రంధ్రం ఉండటం తప్పని నేను అనను. పాత పెన్నులు చాలావాటికి క్యాప్ పక్కన కావాలనే చిన్న చిల్లులు పెట్టేవారు. కానీ వాటికి లోపల ఇంకో చిన్న క్యాప్ ఉండేది, నిబ్‌ను అది విడిగా మూసేది. మీ పెన్నులో ఆ లోపలి క్యాప్ లేదు. మీ సైటులో మాత్రం “గాలి చొరని ఇన్నర్ క్యాప్” అని ఇప్పటికీ రాసి ఉంది. డిజైన్‌లో లేదా, నాకు వచ్చిన పెన్నులో వేయడం మరిచారా అన్నది మీరే తేల్చాలి. ఏదైనా సరే, బాధ్యత మీదే.

కక్కడం గురించి మీ వాళ్ళు ఇచ్చిన సమాధానం ఇంకా విచిత్రం. ఒంటి వేడికి లోపలి గాలి వ్యాకోచించి ఇంకును తోస్తుందట, ఫౌంటెన్ పెన్నుల స్వభావమే అంతట. వేడికి గాలి పెరుగుతుందన్న మాట నిజమే. మా నాన్నగారి దగ్గర రాజమండ్రిలో చేసిన ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్ను ఉండేది. డ్రాపర్‌తో ఒళ్ళంతా ఇంకు నింపే రకం. అలాంటి పెన్నులో రెండు మూడు మిల్లీలీటర్ల ఇంకు పడుతుంది, సగం అయిపోయాక మిగతాదంతా గాలే, అందుకే ఎండలో అప్పుడప్పుడూ కక్కేది. మా ఇంట్లో ఆయన చొక్కాలన్నిటికీ జేబు కింద నీలి మచ్చ ఉండేది, అదో గుర్తు. కానీ మీది డ్రాపర్ పెన్ను కాదే! లోపల పెట్టేది పొట్టి ఇంటర్నేషనల్ కార్ట్‌రిడ్జ్, అంటే చిన్న ప్లాస్టిక్ ఇంకు బుడ్డి, మొత్తం ఒక మిల్లీలీటరు కూడా పట్టదు. సగం ఖాళీ అయినప్పుడు అందులో ఉండే గాలి అర మిల్లీలీటరు లోపే. ఏసీ గదిలో 25 డిగ్రీల నుంచి ఒంటి వేడి 37 డిగ్రీలకు వస్తే ఆ గాలి పెరిగేది నూటికి నాలుగు వంతులు. ఆ కాస్త గాలి తోసే ఇంకు ఒక చుక్క కూడా ఉండదు. అంతమాత్రం ఇంకును పట్టి ఉంచడానికే కదా నిబ్ కింద ఉండే ఫీడ్‌కు ఆ సన్నటి గాట్లన్నీ పెట్టేది? నా క్యాప్‌లో చేరుతున్నది చుక్క కాదు. టిష్యూ పేపరు చుట్టి దూరిస్తే పూర్తిగా తడిసి వస్తోంది.

కాబట్టి వేడి కాదు, వేరే ఏదో ఉందని పెన్ను విప్పి చూశాను. కార్ట్‌రిడ్జ్‌ను గుచ్చే చిన్న గొట్టం ఉంటుంది చూడండి, అక్కడే అసలు లోపం. కార్ట్‌రిడ్జ్ ఎక్కించాక వేలితో తిప్పితే గిర్రున తిరుగుతోంది. దాని మూతి చుట్టూ ఇంకు వలయంలా పేరుకుంది. అదే ప్యాకెట్‌లోని ఇంకో కార్ట్‌రిడ్జ్‌ను మా అమ్మాయి కవెకోలో పెడితే బిగుతుగా, టక్కుమని కూర్చుంది. అంటే కార్ట్‌రిడ్జ్ సైజు సరిగ్గానే ఉంది, మీ గొట్టమే సన్నగా ఉంది. ఇంకు బయటికి కారకుండా ఆగేది లోపలికి గాలి ఫీడ్ దారిన తప్ప ఇంకెక్కణ్ణుంచీ రాదు కాబట్టే. మూతి దగ్గర సందు ఉంటే గాలి అక్కణ్ణుంచి దూరుతుంది, ఇంకు ఆగదు. ఏసీలో పెట్టినా ఆగదు. నిబ్ పైకి ఉండేలా నిలువుగా పెట్టుకోమన్నారు, పెట్టాను. క్యాప్‌లోకి కాస్త తక్కువ వచ్చింది, ఆ మిగతాది వెనక పెన్ను ఒంట్లోకి దిగింది. ఒళ్ళు విప్పితే వేళ్ళు నీలం. గోరువెచ్చటి నీళ్ళతో ఫ్లష్ చేయమన్నారు, అదీ అయింది.

చివరికి మీ వాళ్ళు పట్టుకున్న సాకు ఇంకు. నేను ఖాళీ కార్ట్‌రిడ్జ్‌ను సిరంజితో బ్రిల్ రాయల్ బ్లూతో నింపానని చెప్పగానే “బయటి ఇంకు వాడారు, వారంటీ వర్తించదు” అన్నారు. బ్రిల్ బెంగళూరు ఇంకు, దశాబ్దాలుగా పిల్లలు స్కూళ్ళలో వాడుతున్న ఇంకు. దాంతో పాడయ్యే పెన్నును పెన్ను అనాలా? అసలు విషయం అది కూడా కాదు. మీరు పెన్నుతో పాటు ఇచ్చిన కార్ట్‌రిడ్జ్‌తోనే మొదటిసారి కారింది. ఆ ఫిర్యాదు ఏప్రిల్‌లోనే పంపాను, సిరంజి ఇంకా కొనకముందు. మీ దగ్గర ఆ ఈమెయిల్ ఉంటుంది, తేదీ చూసుకోండి. పైగా మీ వారంటీ కార్డులో బయటి ఇంకు గురించి ఒక్క ముక్క లేదు. నిబ్ అరుగుదల, కింద పడి విరగడం, ఇవి రెండే మినహాయింపులు.

ఒక్క మాట ఒప్పుకుంటాను, నిబ్ బాగుంది. కారని, ఎండని ఆ కొద్దిసేపట్లో రాస్తే హాయిగా సాగుతుంది. అందుకే ఇన్నాళ్ళు ఓపిక పట్టాను, లేకపోతే మొదటి వారంలోనే తిప్పి పంపేవాణ్ణి.

మీరు ఇస్తానన్న పరిష్కారం నాకు సమ్మతం కాదు. పెన్ను నా ఖర్చుతో కొరియర్ చేయాలట, “పరిశీలించి” అవసరమైతే నిబ్ యూనిట్ మారుస్తారట. నిబ్ యూనిట్ మారిస్తే గొట్టం మారొచ్చు. క్యాప్ సంగతేమిటి? అదే మోడల్ ఇంకొకటి పంపినా క్లిప్పు గాడి అలాగే ఉంటుంది కదా.

నాకు కావలసింది ఇది. కట్టిన 1,850 రూపాయలు, డెలివరీకి తీసుకున్న 70 రూపాయలు వెనక్కి ఇవ్వండి. పెన్ను తీసుకుపోవడానికి కొరియర్ మనిషిని మీ ఖర్చుతో పంపండి. పాడైన చొక్కాలకు నేనేమీ అడగడం లేదు. సైటులో “గాలి చొరని ఇన్నర్ క్యాప్” అన్న మాట మాత్రం తీసేయండి, లేదా ఆ క్యాప్ నిజంగా పెట్టండి. జేబులో పెట్టకూడదన్న షరతు ఉంటే అది కొనేముందే, ధర పక్కనే కనిపించాలి. కొన్నాక ఈమెయిల్‌లో చెప్పడం న్యాయం కాదు.

2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిందని మీరు 48 గంటల్లో చెప్పాలి, అందిన నెలలోపు పరిష్కరించాలి. మీ దగ్గర నుంచి ఆటోమేటిక్ జవాబు తప్ప ఆ రెండూ జరగలేదు, నెల ఎప్పుడో దాటింది. అయినా ఈ లేఖ అందిన రోజు నుంచి ఇంకో పదిహేను రోజులు ఆగుతాను. ఆలోగా డబ్బు రాకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేసి, ఆపైన జిల్లా కమిషన్‌కు వెళతాను. 2019 చట్టం ప్రకారం మీ ఆఫీసు ఏ ఊళ్ళో ఉన్నా నేనుండే చెన్నైలోనే వేయొచ్చు, అయిదు లక్షల లోపు కేసుకు ఫీజు కూడా లేదు. క్లెయిమ్ ఫైళ్ళు కట్టడం నా వృత్తే కాబట్టి కాగితాలు పెట్టడం నాకు కష్టం కాదు.

జవాబు ఈమెయిల్‌లోనే ఇవ్వండి, ఫోన్ చేయకండి. షెడ్డులో డెంటింగ్ చప్పుడుకు మీరు ఏం చెప్పినా వినబడదు.

ఇట్లు,
మీ వినియోగదారుడు

జతచేసినవి: బిల్లు, వారంటీ కార్డు, ఏప్రిల్ నుంచి జరిగిన ఈమెయిళ్ళు, క్లిప్పు గాడి ఫొటో, కార్ట్‌రిడ్జ్ తిరుగుతున్న వీడియో, మీ ప్రకటన స్క్రీన్‌షాట్.