బోల్డ్ చేయడం లేదు, చిన్న సైజు కట్ మాత్రం వస్తోంది

మా ఇంగ్లిష్ చేతిరాత స్క్రిప్ట్ ఫాంట్ కొన్నవాళ్లు తరచూ అడిగేది ఒకటే: "బోల్డ్ ఎప్పుడు?" ఊరించడం ఎందుకు, సూటిగా చెప్పేస్తాను. బోల్డ్ చేయడం లేదు.

ఈ అక్షరాలకు మూలం మొనదేలిన పాళీ. చెయ్యి పైకి పోయేటప్పుడు గీత వెంట్రుకంత సన్నగా వస్తుంది. కిందికి దిగేటప్పుడు నొక్కితే పాళీ మొన విచ్చుకుని లావుగా పడుతుంది. సొగసంతా ఆ తేడాలోనే ఉంది. అన్ని గీతలనూ లావు చేస్తే చిన్న 'e' లోపలి ఖాళీ పూడుకుపోతుంది, అక్షరాలు కలిసే చోట ముద్దకడుతుంది. ఎడిటర్‌లో బోల్డ్ బటన్ నొక్కి చూడండి, మీకే తెలుస్తుంది. దయచేసి ఆ ఫైలు ప్రింటుకు మాత్రం పంపకండి.

బోల్డ్ అడిగినవాళ్లలో చాలామంది అసలు ఇబ్బంది వేరే. విజిటింగ్ కార్డు మీద, లేబుల్ మీద సన్నగీతలు తెగిపోతున్నాయి. ఈ ఫిర్యాదు న్యాయమైనదే. లోహపు అచ్చుల కాలంలో ఒక్కో సైజుకు అక్షరాలను విడిగా చెక్కేవాళ్లు. చిన్న సైజుల్లో సన్నగీతను కాస్త మందంగా ఉంచి, ఎడం పెంచేవాళ్లు. మేమూ అదే దారిలో చిన్న సైజు కట్, అంటే చిన్న సైజుల కోసమే విడిగా ఒక రూపం, గీస్తున్నాం. ఇప్పటికే కొన్నవాళ్లకు ఉచితం. పెద్ద టైటిళ్లకు పాతదే వాడండి, కొత్తది అక్కడ మొద్దుగా కనిపిస్తుంది.

"ఒకే మాటలో రెండు 'ఎల్'లు అచ్చు ఒకేలా ఉన్నాయి, చేతిరాతలా లేదు" అని కొందరు రాశారు. దీనికి మందు ఫాంట్‌లోనే ఉంది. జర్మన్ అక్షరశిల్పి హెర్మన్ జాఫ్ గీసిన జాఫినో అనే చేతిరాత ఫాంట్ 1998లో వచ్చినప్పుడే ఒక్కో అక్షరానికి పలు రూపాలు ఇచ్చింది. మా ఫాంట్‌లోనూ అలాంటివి ఉన్నాయి, పక్క అక్షరాన్ని బట్టి మారతాయి. దీన్నే కాంటెక్స్చువల్ ఆల్టర్నేట్స్ అంటారు. వర్డ్‌లో మాత్రం మీరే ఫాంట్ సెట్టింగుల్లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌కు వెళ్లి ఆన్ చేసుకోవాలి. 2010 వెర్షన్ కంటే పాత వర్డ్‌లో ఆ సదుపాయమే లేదు.

ట్రాకింగ్ (అక్షరాల మధ్య ఎడం) సున్నా దగ్గరే ఉంచండి, పెంచితే కలిపిరాత తెగి ముక్కలవుతుంది. పేరంతా క్యాపిటల్స్‌లో పెట్టొద్దు. వాటి మెలికలు పక్కన చిన్న అక్షరం ఉంటుందనుకుని గీసినవి, రెండు పక్కపక్కన పడితే కొట్లాటే.

లోగో, పుస్తకం అట్ట, ఆహ్వానపత్రిక మీద పేరు, నాలుగైదు మాటల ట్యాగ్‌లైన్: ఇవీ దీని చోట్లు. పేరాలకు పేరాలు ఇందులో పెట్టాలనుకుంటే కొనకండి. అమ్మేవాడిని నేనే ఇలా అంటే నష్టమని తెలుసు, కానీ చదవలేక రీఫండ్ అడిగేదాకా ఎందుకు? కింద వివరాలకు అలంకారం లేని మామూలు ఫాంట్ ఏదైనా చాలు, మా దగ్గరే కొనక్కర్లేదు.

తెలుగు అక్షరాలు ఇందులో లేవు. గుణింతాలు, ఒత్తులతో అది మొదటినుంచీ గీయాల్సిన వేరే ఫాంట్. ఆ పని ఇంకా మొదలుపెట్టలేదు కాబట్టి తేదీ చెప్పలేను.