టికెట్ మీది తేదీతో మోసపోతున్న కువైట్ ప్రయాణికులు

సంపాదకులు గారికి,

కడప నుంచి చెన్నై ఎయిర్‌పోర్టుకు కువైట్ ప్యాసింజర్లను కారులో తీసుకుపోవడం నా పని. చెన్నై నుంచి కువైట్ సుమారు 3,800 కిలోమీటర్లు, విమానంలో అయిదు గంటల దాకా పడుతుంది. ఇక్కడి నుంచి చెన్నై 260 కిలోమీటర్లే అయినా రాజంపేట, కోడూరు, రేణిగుంట మీదుగా పోయేసరికి ఆరు గంటలు గడిచిపోతాయి. ఈ లెక్క మావాళ్లకు ఎవరూ చెప్పడం లేదు.

ఆమధ్య ఖద్దామా వీసా (ఇళ్లలో పనికి పోయేవాళ్ల వీసా) మీద పోయే ఒక అక్క తమ్ముడు ఫోన్ చేసి, 14వ తేదీ సాయంత్రానికి కారు కావాలన్నాడు. టికెట్ ఫోటో వాట్సాప్‌లో పెట్టమన్నాను. చూస్తే 14, 00:30 అని ఉంది. అంటే 13వ తేదీ రాత్రి పన్నెండు దాటాక అరగంటకు. ఆయన ఫోన్ చేసింది 14 పొద్దున. విమానం అప్పటికే కువైట్‌లో దిగిపోయింది. టికెట్ ఇచ్చిన ఏజెంటు తేదీ చెప్పాడే గానీ, ముందు రోజు మధ్యాహ్నమే ఇల్లు కదలాలని చెప్పలేదు. కొత్త టికెట్‌కు ఆ ఇంట్లో మళ్లీ అప్పు చేశారు. ఆ అక్క ఏడుపు ఫోన్‌లో నాకు వినబడుతూనే ఉంది.

అంతర్జాతీయ విమానానికి మూడు గంటల ముందే ఎయిర్‌పోర్టులో ఉండమంటారు. కౌంటర్ మామూలుగా గంట ముందే మూసేస్తారు. అర్ధరాత్రి దాటి అరగంటకు విమానమంటే, దారిలో టైరు పంక్చరైనా ఇబ్బంది పడకుండా, ముందు రోజు మధ్యాహ్నం రెండు గంటలకల్లా కడప వదలాలి.

ఇంట్లో ఉండేవాళ్ల టెన్షన్ ఇంకో రకం. టికెట్ మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు. కువైట్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. రాత్రి 1:30కు ఎక్కి 4:00కు దిగుతారని ఉంటే, ప్రయాణం రెండున్నర గంటలే అనుకుంటారు. నిజానికి అయిదు గంటలు. మనకు ఉదయం 6:30 అయితే గానీ వాళ్లు దిగరు. నాలుగు దాటిందంటే చాలు, పిల్ల ఇంకా ఫోన్ చేయలేదని తల్లులు నాకు ఫోన్ చేస్తారు. వచ్చేటప్పుడు ఇది తిరగబడుతుంది. రాత్రి 9:00కు ఎక్కి తెల్లారి 4:15కు దిగితే ఏడుంపావు గంటలని కనబడుతుంది గానీ, గాల్లో ఉండేది అయిదు గంటల లోపే. చలికాలంలో పైన పడమటి గాలి గట్టిగా ఉంటుంది కాబట్టి పోయేటప్పుడు కాస్త ఆలస్యం, వచ్చేటప్పుడు కాస్త తొందర.

ఏజెంట్లకు నా మనవి ఒకటే. టికెట్ చేతికిచ్చేటప్పుడు ఇల్లు కదలాల్సిన రోజు, టైము, మన టైము ప్రకారం కువైట్‌లో దిగే టైము తెలుగులో పెన్నుతో రాసివ్వండి. ఒక్క నిమిషం పని. మీ పత్రిక కూడా ఈ లెక్కను జిల్లా పేజీలో పెద్ద అక్షరాలతో వేస్తే, ఇంట్లో చదువు వచ్చిన పిల్లలైనా చూసి పెద్దవాళ్లకు చెబుతారు.

— ఒక కారు డ్రైవరు, కడప