హెన్రీ వాలెస్ గురించి అమ్మలుకు

చిరంజీవి అమ్మలుకు నాన్న ఆశీస్సులు.

మొన్న ఫోనులో నేను హెన్రీ వాలెస్ పేరు ఎత్తితే ‘ఆయనెవరు నాన్నా’ అన్నావు. వ్యవసాయం చదువుతున్నదానివి, ఆయన సంగతి నీకు తెలియాలి. 1941 నుంచి 1945 వరకు, రూజ్‌వెల్ట్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు, ఆయన అమెరికా ఉపాధ్యక్షుడు. నాకు మాత్రం ఆ పదవి కన్నా దానికి ముందున్న వాలెస్ మీదే ఎక్కువ ఇష్టం.

పుట్టింది 1888లో, అయోవా రాష్ట్రంలో. తండ్రి అక్కడి వ్యవసాయ కళాశాలలో పనిచేసే రోజుల్లో, అదే చోట చదువుకుంటున్న జార్జ్ వాషింగ్టన్ కార్వర్ ఈ పసివాణ్ణి వెంట తిప్పుకుంటూ మొక్కలను గుర్తుపట్టడం నేర్పేవాడు. కార్వర్ బానిసత్వంలో పుట్టిన నల్లజాతి శాస్త్రవేత్త. ఆ స్నేహం ఊరికే పోలేదు.

ఆ కాలంలో అక్కడ మొక్కజొన్న పోటీలు పెట్టేవారు. కంకి తీరుగా ఉందా, గింజల వరుసలు వంకర లేకుండా ఉన్నాయా అని చూసి బహుమతి ఇచ్చేవారు. అందమైన కంకే మంచి విత్తనమని హోల్డెన్ అనే పేరున్న ప్రొఫెసర్ ఊరూరా చెప్పేవాడు. మేసే పశువుకు కంకి అందంతో పనేమిటి! ఇంకా బడికి వెళ్లే వయసులోనే వాలెస్‌కు అనుమానం వచ్చింది. 1904లో 33 కంకుల గింజలను దేనికది విడిగా విత్తి, కోసి, తూకం వేశాడు. పోటీలో అన్నిటికన్నా పైన నిలిచిన కంకి దిగుబడిలో అడుగు వరుసకు చేరింది.

ఆ తూకమే ఆయన్ని హైబ్రిడ్ మొక్కజొన్న దాకా నడిపించింది. 1926లో విత్తనాల కంపెనీ పెట్టాడు. తర్వాత దానికే పయనీర్ అని పేరు వచ్చింది. 1933లో వ్యవసాయ మంత్రి అయ్యాక ధరలు నిలబెట్టడానికి ఎదిగిన పత్తిని దున్నించాడు, లక్షల పందిపిల్లలను చంపించాడు. ధర లేక రైతు నలిగిపోతున్న కాలమని తెలిసినా ఆ పని నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

ఉపాధ్యక్షుడిగా ఎన్నికయ్యాక, 1940 చివర్లో మెక్సికో వెళ్లి అక్కడి రైతుల పొలాలు చూశాడు. తిరిగి వచ్చి ఆ దేశానికి పంటల పరిశోధన కావాలని రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ అనే అమెరికా దాతృత్వ సంస్థ వారితో మాట్లాడాడు. 1943లో మొదలైన ఆ పరిశోధనలోకే మరుసటి ఏడాది, ఎక్కువ దిగుబడినిచ్చే గోధుమ రకాలను తర్వాత తయారుచేసిన శాస్త్రవేత్త నార్మన్ బోర్లాగ్ వచ్చి చేరాడు. 1966లో మన దేశం 18,000 టన్నుల గోధుమ విత్తనం తెప్పించుకున్నది ఆ మెక్సికో నుంచే. నువ్వు హరిత విప్లవం పాఠంలో చదివిన కథకు మొదలు ఇక్కడుంది.

ఒక్కచోట మాత్రం ఆయన మీద నాకు బాధ. 1944లో సోవియట్ యూనియన్‌లోని కోలిమాకు వెళ్లాడు. అది ఖైదీలతో వెట్టిచాకిరీ చేయించే ప్రాంతం. ఆయన వస్తున్నాడని కాపలా బురుజులు తీసేశారు, ఖైదీలను కనబడకుండా దాచారు. కంకి విషయంలో ప్రొఫెసర్ మాటే నమ్మనివాడు అక్కడ మాత్రం చూపించినదంతా నమ్మి మెచ్చుకున్నాడు. తాను పొరబడ్డానని 1952లో బహిరంగంగా ఒప్పుకున్నాడు.

1944లోనే పార్టీ పెద్దలు ఆయన్ని పక్కనపెట్టి ఉపాధ్యక్ష పదవికి ట్రూమన్‌ను నిలబెట్టారు. ట్రూమన్ ఉపాధ్యక్షుడైన 82 రోజులకే రూజ్‌వెల్ట్ కన్నుమూశాడు. అధ్యక్ష పదవి అలా చేజారింది. 1948లో వాలెస్ కొత్త పార్టీ తరఫున పోటీ చేసి చిత్తుగా ఓడిపోయాడు. అయినా ఆ ప్రచారంలో, దక్షిణ రాష్ట్రాల్లో నల్లవారిని వేరుగా కూర్చోబెట్టే సభల్లో మాట్లాడనని భీష్మించాడు. గుడ్లు, టమాటాలు విసిరినా మాట మార్చలేదు. కార్వర్ చెయ్యి పట్టుకుని తిరిగిన పిల్లవాడు మరి.

ఆ తర్వాత న్యూయార్క్ రాష్ట్రంలోని తన పొలానికి వెళ్లి కోళ్లు, స్ట్రాబెర్రీల మీద ప్రయోగాలు చేసుకుంటూ గడిపాడు. 1965లో పోయాడు.

అమ్మ నిన్ను అడిగినట్టు చెప్పమంది. నీ ప్రయోగం మడిలో మొక్కజొన్న కోత అయ్యాక తూకాలన్నీ రాసి పంపు, తక్కువ వచ్చినవి కూడా.

ఇట్లు,
నాన్న