దర్శకుడితో మాట్లాడేందుకు సమయం ఉంచండి

సంపాదకుడు గారికి,

ఇటీవల మన నగరంలో జరిగిన ఒక చలనచిత్రోత్సవంలో, దర్శకుడు స్వయంగా హాజరైన ప్రదర్శనకు వెళ్లాను. మత్స్యకారుల జీవితంపై తీసిన మలయాళ చిత్రమది. ఆట ముగిశాక మత్స్యకారుల పేట అయిన పెదజాలారిపేట నుంచి వచ్చిన ఒక యువకుడు లేచి, చిరిగిన వలను సరిచేసే సన్నివేశంలో వినిపించిన కెరటాల హోరు ఆ ఒడ్డుది కాదని, అక్కడ తెరపై కనిపించిన నీరు అంత చప్పుడు చేయదని అన్నాడు. వెనుక వరుసలోని ఓ విద్యార్థిని ఆ మాటలను తనంతట తానుగా ఇంగ్లిషులో చెప్పింది. దర్శకుడి ముఖం వెలిగిపోయింది. చిత్రీకరణ రోజున మైకుల్లో గాలి హోరు తప్ప మరేమీ దక్కలేదని, అందుకే వేరే తీరంలో ఒక రాత్రి కెరటాలను విడిగా రికార్డు చేసి కలిపామని ఒప్పుకున్నారు. ఆ శబ్దాన్ని అంతగా ఎందుకు పెంచారో చెప్పబోతుండగానే, సమయం మించిపోయిందంటూ నిర్వాహకులు మైకు అందుకున్నారు.

ఆ సాయంత్రం జ్యోతి ప్రజ్వలనకు, ప్రసంగాలకు, శాలువాలకు, జ్ఞాపికలకు 50 నిమిషాలు పట్టింది. చర్చకు మిగిలినవి 8 నిమిషాలు. అతిథులను సత్కరించడం మన మర్యాద, దానిని నేను తప్పుపట్టడం లేదు. కానీ సినిమాను రేపు ఓటీటీలోనైనా చూడవచ్చు, తీసిన మనిషిని ఎదురుగా నిలిపి అడిగే అవకాశం మాత్రం మళ్లీ రాదు. 1959లో సత్యజిత్ రాయ్ అధ్యక్షుడిగా, మంచి సినిమాలు కలిసి చూసే ప్రేక్షకుల సంఘాలైన ఫిల్మ్ సొసైటీల సమాఖ్య ఏర్పడిన నాటి నుంచీ మన దేశంలో ఆ ఉద్యమానికి సినిమా చూడటం ఎంత ముఖ్యమో, చూశాక మాట్లాడుకోవడమూ అంతే ముఖ్యం.

మరొకటి. చివర పేర్లు పడుతుండగానే లైట్లు వేసి ప్రొజెక్టర్ ఆపేశారు. ఆ యువకుడు అడిగిన శబ్దాన్ని రికార్డు చేసిన వారి పేరు కూడా అందులోనే ఉండి ఉంటుంది, అది బాధ కలిగించింది.

వచ్చే ఉత్సవంలో దర్శకుడు వచ్చే ప్రతి ప్రదర్శనకూ చర్చ కోసం అరగంట కేటాయించి, ఆ సంగతి కార్యక్రమ పత్రంలోనే ముద్రించాలని, హాలును కూడా ఆ మేరకు అదనంగా మాట్లాడుకోవాలని నిర్వాహకులను కోరుతున్నాను. తెలుగులో అడిగేవారి కోసం ఒక అనువాదకుడిని కూడా ముందుగానే ఏర్పాటు చేయాలి. ఆ రోజు ఆ విద్యార్థిని లేకపోతే ఆ ప్రశ్న దర్శకుడికి చేరేదే కాదు.

– ఒక ప్రేక్షకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం